నెల్లూరులో వాడుకకు బేస్ ఆంప్: స్వరం, రూపం గురించి అనుభవజ్ఞుల అభిప్రాయాలు కావాలి

ప్రశ్న: పెన్నాతీరం బేస్ (నెల్లూరు)

అందరికీ నమస్కారం. నేను ఒక చర్చి గాయక బృందంలో ఐదు తీగల బేస్ గిటార్ వాయిస్తాను. మిగిలిన రోజుల్లో అదే బృందంతో రిసెప్షన్లకూ, పురమందిరంలో జరిగే సంగీత విభావరులకూ వెళ్తుంటాను. ఇంతవరకు నాకు సొంత ఆంప్ (వాద్య శబ్దాన్ని పెంచి వినిపించే పరికరం) లేదు. వాద్యాన్ని నేరుగా మిక్సరుకు కలిపి, పక్కవారి మానిటరులో వినపడినంత వినటమే అలవాటైంది. ఇప్పుడు సంఘ పెద్దలు ఒక బేస్ ఆంప్ కొనడానికి అంగీకరించారు. అయితే ఆదివారం ఆరాధన ప్రత్యక్ష ప్రసారం అవుతుంది కనుక, కెమెరాలో వెనుక కనపడే పెట్టె గంభీరంగా ఉండాలన్నది వారి షరతు.

నా ముందు రెండు దారులున్నాయి. చెన్నైలో వాడిన వాద్య పరికరాలు అమ్మే ఒకరి దగ్గర పది అంగుళాల స్పీకర్లు నాలుగు ఉన్న పాత క్యాబినెట్ (స్పీకర్ల పెట్టె), దానిపైన వాల్వుల (గాజు గొట్టాల) హెడ్, అంటే శబ్దాన్ని పెంచే భాగం, ఉన్నాయి. నల్ల రెక్సిన్, వెండి రంగు గ్రిల్ గుడ్డ, వెనుక వాల్వుల వెలుగు: చూడగానే మనసు లాగింది. రెండవది కొత్త సరుకు. రెండున్నర కిలోల క్లాస్ డి (వాల్వులు అక్కరలేని తేలికపాటి రకం) హెడ్, పన్నెండు అంగుళాల స్పీకర్ ఒక్కటే ఉన్న చిన్న క్యాబినెట్. ధరల్లో పెద్ద తేడా లేదు.

ఆంప్ రూపానికీ స్వరానికీ నిజంగా సంబంధం ఉందా, లేక మనం కంటితో చూసినదాన్ని చెవితో విన్నామని అనుకుంటున్నామా? మీకు ఏ ఆంప్ స్వరం నచ్చింది, ఎందుకు నచ్చింది అన్నది కూడా తెలుపగలరు.


సమాధానం 1: నాలుగు తీగలు (ఒంగోలు)

పెన్నాతీరం గారికి నమస్కారం. రూపం గురించి అడగటానికి మీరు కొంత మొహమాటపడినట్లు కనపడుతున్నది గానీ అవసరం లేదు. ఈరోజు మనం అందమనుకుంటున్న ఆకారాలలో చాలా భాగం మొదట ఏదో ఒక ఇబ్బందిని తీర్చడానికే పుట్టాయి.

ఫెండర్ సంస్థ 1951లో ప్రెసిషన్ బేస్‌ను తెచ్చి, 1952లో దానికి జతగా బేస్‌మన్ ఆంప్‌ను విడుదల చేసింది. తరువాతి కాలంలో నేత గుడ్డ అతికించి, పది అంగుళాల స్పీకర్లు నాలుగు పెట్టి చేసిన బేస్‌మన్‌ను బేస్ వాయించేవారికంటే గిటార్ వాయించేవారే ఎక్కువగా సొంతం చేసుకున్నారు. లండన్‌లో మార్షల్ తయారుచేసిన తొలి ఆంప్ కూడా దాని సర్క్యూట్‌నే అనుసరించింది. వెనుక తెరిచి ఉన్న క్యాబినెట్‌లో మంద్ర స్వరం నిలవదు కనుక ఇలా జరగటంలో నాకు ఆశ్చర్యమేమీ లేదు. 1960లో ఆంపెగ్ సంస్థ తెచ్చిన బి-15లో పదిహేను అంగుళాల స్పీకరును వెనుక మూసిన పెట్టెలో అమర్చారు. ఆంప్‌ను మూతకు బిగించి, ప్రయాణంలో లోపలికి తిరగేసి, వాయించేటప్పుడు పైకి తిప్పుకొనేలా చేశారు. అమెరికా రికార్డు సంస్థ మోటౌన్ పాటలకు బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ పేరుతో ముడిపడిన ఆంప్ ఇదే. అయితే ఆ రికార్డుల్లో మనం వినే బేస్ ఎక్కువగా వాద్యం నుంచి నేరుగా రికార్డింగ్ కన్సోల్‌లోకి వెళ్లినదే. బి-15 స్వరమని చెప్పుకొనేవాటిలో కొంత భాగం ఆయన చేతివేళ్లదే కావచ్చు.

ఇక అందరూ ఫ్రిజ్ అని పిలిచే ఆంపెగ్ ఎస్‌వీటీ సంగతి. 1969లో వచ్చింది, 300 వాట్లు, హెడ్‌లో పద్నాలుగు వాల్వులు, కింద అన్ని వైపులా మూసిన క్యాబినెట్‌లో పది అంగుళాల స్పీకర్లు ఎనిమిది. ఆ సంవత్సరం రోలింగ్ స్టోన్స్ బృందం అమెరికా పర్యటనలో దాన్ని వాడింది. నిలువెత్తు ఆకారం దర్పం కోసమే అనుకుంటారు గానీ, దానివల్ల ఒక మంచి జరుగుతుంది. పై వరుస స్పీకర్లు వాయించేవాని చెవికి దగ్గరగా ఉంటాయి కనుక తీగను మీటిన తొలి క్షణపు శబ్దం, మధ్య స్థాయి ధ్వని అతనికి స్పష్టంగా వినపడతాయి. మీరు చూస్తున్న నాలుగు స్పీకర్ల క్యాబినెట్ దానిలో సగం. దాన్ని నేల మీద పెడితే ధ్వని మీ మోకాళ్లకు వినపడుతుంది గానీ చెవులకు వినపడదు. అప్పుడు మీరు బేస్ చాలలేదని వాల్యూమ్ పెంచుతారు, ముందు వరుసలో కూర్చున్నవారు ఇబ్బంది పడతారు. కింద గట్టి పీట వేసి ఎత్తు పెంచితే ఆ బాధ ఉండదు, కెమెరాలో కూడా పెట్టె నిండుగా కనపడుతుంది.

దీనికి పూర్తిగా విరుద్ధమైనది బేస్ వాద్యకారుడు జాకో పాస్టోరియస్ వాడిన అకౌస్టిక్ 360. పద్దెనిమిది అంగుళాల స్పీకరును వెనుకకు తిప్పి, మడతలు పెట్టిన బాకా మార్గంలో నుంచి ధ్వనిని ముందుకు తెచ్చారు. దూరంగా ఉన్నవారికి అద్భుతంగా వినపడి, పక్కనే నిలబడినవానికి అంతగా వినపడని పెట్టెను మన ఇరుకు వేదికలకు నేను సిఫారసు చేయలేను.

స్వరం విషయంలో నా ఇష్టం దాచుకోను. వాల్వు ఆంప్‌ను గట్టిగా మీటినప్పుడు శబ్దం పగలకుండా అంచులు గుండ్రబడుతుంది. ఆరాధన గీతాల్లో ఒకే స్వరాన్ని దీర్ఘంగా నిలపవలసిన చోట ఆ నిండుతనానికి సాటి లేదు. ఇళయరాజా పాటలు వాయించాలంటే లెక్క వేరు. ఆయన పాటల్లో బేస్ గిటార్ గాయకుడికి సమానంగా మరో రాగాన్ని నడుపుతుంది కనుక ప్రతి స్వరం మొదలూ తెగినట్లు వినపడాలి. అక్కడ హార్ట్కె సంస్థ స్పీకర్లలోని అల్యూమినియం కోను (కంపించి ధ్వని పుట్టించే భాగం), గాలియన్ క్రూగర్ సంస్థ ట్రాన్సిస్టర్ ఆంప్ నాకు ఎక్కువ నచ్చాయి. ఆకుపచ్చ ముఖంతో వచ్చే బ్రిటిష్ ట్రేస్ ఇలియట్‌లో ప్రీ-షేప్ అనే మీట ఉంటుంది. అది మధ్య స్థాయిని తగ్గించి, అడుగునూ పైభాగాన్నీ పెంచుతుంది. ఒంటరిగా వాయిస్తే ఎంతో బాగుంటుంది, కీబోర్డు, ప్యాడ్లు కలిసిన మరుక్షణం బేస్ మాయమవుతుంది. కొట్టులో ఒంటరిగా వాయించి చూసి ఆంప్ కొనవద్దని చెప్పటానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు.


సమాధానం 2: మైక్ సెట్ మనిషి (కందుకూరు)

వాద్యకారులు నన్ను తిట్టుకున్నా సరే, రెండు మాటలు చెప్తాను. వి.ఆర్. కళాశాల మైదానంలో జనం వినేది మీ ఆంప్‌ను కాదు, నా బాక్సులను. మీ గిటార్ డీఐ బాక్సు (వాద్యాన్ని నేరుగా మిక్సరుకు కలిపే పరికరం) ద్వారా మిక్సరుకు వస్తుంది, అక్కడ నుంచి జనానికి వెళ్తుంది. మీ వెనుక ఉన్నది ఎనిమిది స్పీకర్ల ఫ్రిజ్ అయినా, ఖాళీ పెట్టె అయినా పదవ వరుసకు తేడా తెలియదు. చర్చి హాలులో మాత్రం తెలుస్తుంది, అదీ చెడుగానే తెలుస్తుంది: వేదిక మీద బేస్ పెరిగితే గాయకుల మైకుల్లోకి అది దూరుతుంది, ప్రసారంలో మాటలు మసకబారతాయి. కనుక చిన్నది కొనండి, డీఐ అవుట్ ఉన్నది కొనండి.


సమాధానం 3: టంకం (కావలి)

నేను ఆంప్‌లు మరమ్మతు చేస్తాను, అప్పుడప్పుడు వాయిస్తాను. రూపంలో ఏది స్వరాన్ని మారుస్తుంది, ఏది మార్చదు అన్నది కొంత విడదీసి చెప్పవచ్చు.

గ్రిల్ గుడ్డ పలుచగా ఉన్నంతవరకు బేస్ మీద దాని ప్రభావం లేనట్లే. ఇనుప గ్రిల్ మంచి రక్షణ ఇస్తుంది గానీ, స్క్రూలు వదులైతే కొన్ని స్వరాల దగ్గర గలగలమంటుంది. కోను పసుపు రంగులో ఉన్నంత మాత్రాన ఏమీ జరగదు. ఇటలీకి చెందిన మార్క్‌బేస్ పెట్టెలను ఆ పసుపుతోనే దూరం నుంచి గుర్తుపట్టవచ్చు, అంతే. కోను కాగితమా అల్యూమినియమా అన్నది మాత్రం చెవికి తెలుస్తుంది. ఆరెంజ్ సంస్థ పాత ఆంప్‌ల మీద నాబుల దగ్గర అక్షరాలకు బదులు బొమ్మలుంటాయి. చూడముచ్చటగా ఉంటాయి, స్వరానికి సంబంధం లేదు. వాల్వుల వెలుగు విషయంలో జాగ్రత్త. కొన్ని చవక ఆంప్‌లలో పనిచేసే వాల్వు ఒక్కటే ఉంటుంది, దాని వెనుక నారింజ రంగు ఎల్ఈడీ పెట్టి వెలుగు చూపిస్తారు. మీరు చెప్పిన హెడ్‌లో అవుట్‌పుట్ వాల్వులు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టించండి.

అసలు ముఖ్యమైన రూపం పెట్టె ఘనపరిమాణం. చిన్న పెట్టె, లోతైన మంద్రం, తక్కువ కరెంటుతో ఎక్కువ శబ్దం: ఈ మూడింటిలో ఏవైనా రెండే ఒకచోట కుదురుతాయి. పన్నెండు అంగుళాల చిన్న క్యాబినెట్ కిందికి దిగాలంటే వాట్లు మింగుతుంది. వాట్లను రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెళ్లు మాత్రమే, చెవికి శబ్దం రెండింతలు అనిపించాలంటే దాదాపు పదింతల వాట్లు కావాలి. కాబట్టి హెడ్ మీద రాసిన అంకెకంటే స్పీకర్ల సంఖ్యే వేదిక మీద ఎక్కువ పనిచేస్తుంది.

ఐదవ తీగ అన్నారు గనుక మరొక మాట. దాని బీ (B) స్వరం 31 హెర్ట్జ్‌ల దగ్గర, నాలుగవ తీగ పలికే ‘ఈ’ (E) స్వరం 41 హెర్ట్జ్‌ల దగ్గర మొదలవుతాయి. మామూలు బేస్ క్యాబినెట్లు ఆ మూల స్వరాన్ని గట్టిగా పలికించవు. దాని రెట్టింపు అయిన 62, 82 హెర్ట్జ్‌ల ఉపస్వరాలను బలంగా పలికిస్తాయి, లేని అడుగును మన చెవి తానే పూరించుకుంటుంది. పైగా 41 హెర్ట్జ్‌ల తరంగం పొడవు ఎనిమిది మీటర్ల పైన ఉంటుంది. అందువల్ల హాలులో ఒక మూల ఆ స్వరం పొంగి, మరొక మూల మాయమవుతుంది. గోడ మూలకు ఆనించి పెట్టిన పెట్టె దొమ్మరి డప్పులా మోగితే, ఆంప్‌ను తిట్టకుండా ముందు చోటు మార్చి చూడండి.

మన ప్రాంతం సంగతి కూడా చెప్పాలి. కొత్తపట్నం నుంచి కృష్ణపట్నం వరకు సముద్రపు గాలి తగిలే ఊళ్లలో మూల రేకులు, గ్రిల్ స్క్రూలు, జాకులు ముందుగా తుప్పు పడతాయి, నాబులు గరగరమంటాయి. రెక్సిన్ అంచులు ఎండకు లేచిపోతాయి. అందం నిలవాలంటే గుడ్డ కవరు తప్పనిసరి. ప్లాస్టిక్ కవరు వేస్తే లోపల తేమ నిలుస్తుంది.

నా సలహా మూడవ దారి. పాత క్యాబినెట్ తీసుకోండి, వాల్వుల హెడ్ వదిలేయండి, దానిపైన కొత్త క్లాస్ డి హెడ్ పెట్టండి. క్యాబినెట్ వెనుక 8 ఓములని ఉంటే, రేపు మరొక 8 ఓముల పెట్టె సమాంతరంగా కలిపినా మొత్తం 4 ఓములవుతుంది, చాలా హెడ్లు దాన్ని భరిస్తాయి.


నాలుగు తీగలు (ఒంగోలు)

టంకం గారి సలహా బాగుంది. మైక్ సెట్ మనిషి గారితో మాత్రం ఒకచోట విభేదిస్తాను. పదవ వరుసకు తేడా తెలియదన్నది నిజమే కావచ్చు గానీ, వాయించేవానికి తెలుస్తుంది. వెనుక నుంచి గాలి వీపుకు తగులుతున్నప్పుడు నేను తక్కువ స్వరాలు వాయిస్తాను, ప్రతిదాన్నీ పూర్తిగా నిలుపుతాను. చెవి దగ్గర చిన్న మానిటరు తప్ప ఏమీ లేనప్పుడు, వినపడటం లేదన్న కంగారులో వేళ్లు ఎక్కువ పరుగెడతాయి. ఆ తేడా డీఐ బాక్సు ద్వారా మీ మిక్సరుకే వస్తుంది. ఆంప్ రూపం మీ బాక్సుల్లోకి చేరే దారి అదే.


మైక్ సెట్ మనిషి (కందుకూరు)

ఆ మాట ఒప్పుకుంటాను. కానీ మీరు మీటిన కొద్దీ వాల్యూమ్ పెంచకపోతేనే.


పెన్నాతీరం బేస్ (నెల్లూరు)

అందరికీ కృతజ్ఞతలు. అమ్మే ఆయనతో ఫోనులో మాట్లాడాను. క్యాబినెట్ 8 ఓములేనట, విడిగా ఇస్తానన్నారు. అయితే పెద్దలకు ఫోటో చూపించగా, అంత పెట్టె మీద అరచేయంత హెడ్ పెడితే ఏదో తక్కువైనట్లుందని అన్నారు. వాల్వుల హెడ్ కూడా తీసుకుంటే మంచిదేమో అంటున్నారు. దాని వెనుక పలక ఫోటో వచ్చింది. 120 వోల్టులు, 60 హెర్ట్జ్‌లు అని ఉంది. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెడితే సరిపోతుందా?


టంకం (కావలి)

సరిపోతుందని హామీ ఇవ్వలేను. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని దించుతుంది గానీ మన 50 హెర్ట్జ్‌లను 60 చేయలేదు. 60కే లెక్కగట్టి చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్ 50 మీద ఎక్కువ వేడెక్కుతుంది, రెండు గంటల ఆరాధనలో అది చిన్న విషయం కాదు. పైగా వాల్వుల హెడ్‌కు స్పీకర్ తీగ ఊడిపోయినా చూసుకోకుండా వాయిస్తే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయే ప్రమాదముంది. వేదిక మీద పిల్లలు తిరిగే చోట ఆ భయం ఎప్పుడూ ఉంటుంది. వాల్వులన్నీ మార్చవలసి వస్తే ఖర్చు కూడా పెద్దదే.

పెద్దల కోరిక తీర్చటానికి తేలిక మార్గముంది. క్యాబినెట్ వెడల్పుకు సరిపడా చెక్క ర్యాక్ పెట్టె చేయించి, దానికి అదే నల్ల రెక్సిన్ అంటించి, చిన్న హెడ్‌ను, డీఐ బాక్సును, స్టెబిలైజర్‌ను అందులో బిగించండి. వెనుక వైపు గాలి ఆడేలా పూర్తిగా తెరిచి ఉంచాలి. మీ వడ్రంగికి క్యాబినెట్ కొలతలు వచ్చాకే పని చెప్పండి, ముందుగా హాలు పక్క తలుపు వెడల్పు కొలవటం మరువకండి.