అమ్మకి నోరు పిడచకట్టుకుపోతోంది, ముందు ఎవరికి చూపించాలి?

గాజువాకలో ఉంటాం. అమ్మకి 62 ఏళ్లు. ఆరు నెలలుగా నోరు పిడచకట్టుకుపోతోంది. రాత్రి మూడు నాలుగుసార్లు లేచి నీళ్లు తాగుతుంది. అన్నంలో మజ్జిగ పోసుకుంటే గానీ మింగుడు పడట్లేదు. ఆవకాయ తగిలితే నాలుక భగ్గుమంటోందట. (ఆవిడ ఆవకాయ మానేసిందంటేనే నాకు భయమేసింది.) మొదట వైజాగ్ ఉక్కపోత వల్లేమో అనుకున్నాం, చలికాలంలోనూ తగ్గలేదు. పరీక్ష చేయిస్తే షుగర్ లేదన్నారు.

నరాల నొప్పికి రాత్రిపూట అమిట్రిప్టిలిన్, తుమ్ములకి సెట్రిజిన్ వేసుకుంటోంది. రెండూ నోరు ఎండగొట్టేవే, కానీ డాక్టర్ని అడగకుండా ఆపలేం కదా. కళ్లు కూడా మండుతున్నాయంటోంది, అందుకే షోగ్రెన్స్ (ఒంట్లోని రోగనిరోధక శక్తే లాలాజలం, కన్నీటి గ్రంథుల్ని దెబ్బతీసే జబ్బు) ఏమోనని టెన్షన్. కొత్తగా రెండు పళ్లు పుచ్చాయి.

ముందు పళ్ల డాక్టరుకి చూపించాలా, రుమటాలజిస్టుకా (కీళ్ల జబ్బులు, ఇలాంటి రోగనిరోధక జబ్బులు చూసే డాక్టరు)? చక్కెర లేని చూయింగ్ గమ్, కృత్రిమ లాలాజలం స్ప్రే వాడినవాళ్లుంటే, రాత్రిళ్లు ఎంతసేపు పనిచేసిందో చెప్పరూ?