పని గంటలు తగ్గించుకుంటే ప్రసూతి భృతి తగ్గుతుందా?

ఉప్పల్_ఏడోనెల:
నేను ఒక ప్రభుత్వ రంగ కర్మాగారంలో గంటల లెక్కన కాంట్రాక్టుపై పనిచేస్తున్నాను. గంటకు 200 రూపాయలు, రోజుకు 8 గంటలు, నెలకు 24 రోజులు. కాళ్ల వాపులు చూసి డాక్టరమ్మ విశ్రాంతి తీసుకోమన్నారని, నెల క్రితం నుంచి రోజుకు 4 గంటలే చేస్తున్నాను. హాజరు పట్టీలో నా పేరు ఎదురుగా రోజూ ఎర్ర సిరాతో "సగం" అని రాస్తున్నారు. ఈ సగం నా ప్రసూతి భృతిలోకి కూడా వస్తుందా? కాన్పు గడువుకు ఇంకా పది వారాలు ఉంది. క్రెష్ (పనిచేసే చోట పసిపిల్లలను చూసుకునే గది) గురించి కూడా తెలిసినవారు చెప్పగలరు.

మల్కాజిగిరి_టీచరమ్మ:
ప్రభుత్వ టీచర్లం, మాకు సెలవుకు ముందు ఎంత జీతం వస్తుందో అంతే వస్తుంది, 180 రోజులు. ఆ 180 రోజులు 2010లో వచ్చాయి, నా కాన్పు 2009లో అయింది. 120 రోజులకే నాలుగు నెలల పసిదాన్ని మా అత్తగారి చేతుల్లో పెట్టి, దారిపొడవునా కళ్లు తుడుచుకుంటూ బడికి వెళ్లాను. ఇప్పటివారు అదృష్టవంతులు.

మస్టర్‌రోల్:
టీచరమ్మ గారూ, ఆమె రెగ్యులర్ కాదు. రోజుకూలీలకు కూడా ప్రసూతి భృతి ఇవ్వాలని ఢిల్లీ నగరపాలక సంస్థ మహిళల కేసులో సుప్రీంకోర్టు 2000లోనే తేల్చింది. అయినా మా ఆఫీసులో "కాంట్రాక్టు వాళ్లకు అవన్నీ ఉండవు" అన్న మాటను నేను పదిసార్లు విన్నాను.

పేబిల్లు_పెద్దాయన:
ఇరవై ఏడేళ్లు పే బిల్లులు చేసిన చేతులివి. సెలవుకు ముందు మూడు నెలల జీతం కూడి 90తో భాగించాలి, అంతే. ఈ అమ్మాయికి రెండు నెలలు పూర్తిగా, ఒక నెల సగంగా వేస్తే మొత్తం 96,000. రోజుకు 1,066 వస్తుంది. ఇందులో చర్చించడానికేమీ లేదు.

తార్నాక_లెక్క:
చర్చించడానికే ఉందండీ. చట్టం అడిగేది పని చేసిన రోజులకు వచ్చిన వేతనపు సగటు. 96,000ను 72 రోజులతో భాగిస్తే 1,333 అవుతుంది. భృతి ఇచ్చేది 26 వారాలకు, అంటే 182 రోజులు. మీ 90 వల్ల ఆమెకు దాదాపు 48,500 రూపాయలు తగ్గుతుంది. మీ చేతుల మీదుగా ఇలా ఎన్ని బిల్లులు వెళ్లాయో తలచుకుంటేనే భయం వేస్తోంది.

పేబిల్లు_పెద్దాయన:
మర్యాదగా మాట్లాడండి. పని రోజులతో భాగిస్తే భృతి కూడా పని రోజులకే ఇవ్వాలి, అంటే వారానికి ఆరు చొప్పున 156. ఆదివారం పని చేయనివారికి ఆదివారం భృతి ఎలా ఇస్తారు?

తార్నాక_లెక్క:
1977లో ఒక తోట కార్మికురాలి కేసులో సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన ప్రశ్న సరిగ్గా ఇదే. వారానికి ఏడు రోజులూ లెక్కించాలని తీర్పు వచ్చింది. 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టం స్థానంలో 2025 నవంబరు 21 నుంచి సామాజిక భద్రతా కోడ్ వచ్చినా మూడు నెలల సగటు పద్ధతి మారలేదు.

సనత్‌నగర్_అమ్మ:
మీరిద్దరూ వాదించుకుంటూ ఉండండి. నెలకు 21,000 లోపు జీతమై ఈఎస్ఐ కోత పడుతున్నవారికి ఆఫీసు బిల్లుతో పనే లేదు. వెనకటి రెండు చందా కాలాల్లో (ఒక్కోటి ఆరు నెలలు) కలిపి 70 రోజుల చందా ఉంటే ఈఎస్ఐ వారే ఇస్తారు. మా ఏజెన్సీ నా చందాను కొన్ని నెలలు కట్టనేలేదని ప్రసవం అయ్యాక తెలిసింది. కాబట్టి అందరూ ఇప్పుడే చూసుకోండి.

తార్నాక_లెక్క:
అసలు అడిగినామెకు చెప్పాల్సింది మిగిలిపోయింది. అమ్మా, ఒక్క నెల సగం పని చేసినందుకే మీ రోజు సగటు 1,600 నుంచి 1,333కు దిగింది. రెండో నెల కూడా సగమే వెళితే 1,066కు దిగుతుంది. జీతం లేని సెలవు పెడితే ఆ రోజులు సగటులోకే రావు, కాబట్టి దిగదు. కాకపోతే గడువుకు ముందు పన్నెండు నెలల్లో 80 రోజులు పని చేసి ఉండాలి, మీకది ఎప్పుడో దాటింది. ఇంకో దారి కూడా ఉంది. కాన్పు గడువుకు ఆరు వారాల ముందున్న నెల రోజుల్లో, ఎక్కువసేపు నిలబడే పని, బరువు పని చేయనని మీరు కోరవచ్చు, పని మార్చారన్న కారణంతో వేతనం కోయకూడదు. మీకిప్పుడు నడవబోయేది ఆ నెలే.

పేబిల్లు_పెద్దాయన:
ఆ తేలిక పని నిబంధన నిజమే. మిగతా లెక్క మీద నా మాట నాదే.

ఉప్పల్_ఏడోనెల:
ఈ ఉదయం సగం రోజు కాగితం వెనక్కి తీసుకుని, కూర్చుని చేసే పని ఇవ్వమని కొత్తది రాసి ఇచ్చాను. గుమాస్తా గారు దాన్ని రెండుసార్లు చదివి, ఎర్ర పెన్ను మూత పెట్టి, స్టోర్ రిజిస్టర్ నా ముందుకు జరిపారు. సగటు గురించి లెక్క రాసిమ్మని అడిగాను. క్రెష్ సంగతి ఎవరూ చెప్పలేదు.

మస్టర్‌రోల్:
యాభై మంది లేదా అంతకు మించి ఉన్న సంస్థలో క్రెష్ ఉండాలి, రోజుకు నాలుగుసార్లు వెళ్లి చూసుకోవచ్చు. మా దగ్గర దానికి కేటాయించిన గదిలో పాత ఫైళ్లున్నాయి.