గెస్టులకు నిప్పు రూల్స్ ఎలా రాయాలి? (ఒడిశాలో కోరాపుట్ వైపు)

కొండగాలి: పొట్టంగి వైపు మాకు రెండు గదుల హోమ్‌స్టే ఉంది. దేవ్‌మాలి కొండ చూడ్డానికి వచ్చేవాళ్లే ఎక్కువ. చలికాలం శని, ఆదివారాలు ఖాళీ ఉండదు. వచ్చినవాళ్లందరికీ మంట కావాలి. నిన్న రాత్రి ఒక బ్యాచ్ మంటలో పెట్రోల్ పోశారు. గట్టిగా అడిగితే "రూల్స్ ఎక్కడ రాసి పెట్టారు?" అని నన్నే ఎదురడిగారు. పొద్దుట్నుంచి కూర్చుని రాస్తున్నా. అయితే పోలీసు నోటీసులా వస్తోంది, లేదంటే బతిమాలుకున్నట్టుంది. ఎవరి దగ్గరైనా రెడీగా మేటర్ ఉంటే పెట్టండి. ఫ్లెక్సీ అతను సాయంత్రంలోపు ఇమ్మంటున్నాడు.

తిన్నగా: పైకప్పు ఏంటి?

సాలూరు బాబాయ్: ముందు చుట్టూ ఉన్న కొండ సంగతి చూడు బాబూ. ఫిబ్రవరి దాటితే ఆకు రాలి అంతా ఎండిపోతుంది. ఇప్పపువ్వు ఏరుకునేవాళ్లు పువ్వు కనపడాలని చెట్టు కింద ఆకు తగలబెడతారు, అది పాక్కుంటూ కొండెక్కుతుంది. 2021లో సిమిలిపాల్ అడవి ఎలా తగలబడిందో అందరూ చూశారు. నీ కంచె చుట్టూ ఆకూ గడ్డీ గీకించి మట్టి తేలేలా ఉంచు. ఫారెస్టువాళ్లు ఫైర్ లైన్ అనేది అదే.

కొండగాలి: బాబాయ్, నేనడిగింది బోర్డు గురించి.

గెస్ట్‌హౌస్ గురూ: మీ కుటుంబం అక్కడే ఉంటుందా? ఉంటేనే అది హోమ్‌స్టే. లేకపోతే ఆ పేరు వాడకూడదు.

కొండగాలి: మేం సెమిలిగుడలో ఉంటాం. అక్కడ వాచ్‌మన్ ఉంటాడు.

గెస్ట్‌హౌస్ గురూ: అయితే అది హోమ్‌స్టే కాదు. లాడ్జి కిందకే వస్తుంది.

సాలూరు బాబాయ్: నిప్పుకేం తెలుస్తుందయ్యా, అది లాడ్జో హోమ్‌స్టేనో!

తిన్నగా: పైకప్పు?

కొండగాలి: గడ్డిదే. కింద వెదురు. అందుకే కదండీ జనం వస్తోంది.

తిన్నగా: మొదటే చెప్పాల్సింది. మంట ఎంత దూరంలో వేస్తారు?

కొండగాలి: రెండు గదుల మధ్యన. ఫొటోలకి బాగుంటుందని.

తిన్నగా: బోర్డు తర్వాత. ముందు ఆ గుంత మార్చండి. గడ్డికి కనీసం 25 అడుగుల దూరం, గాలి ఇంటివైపు కొట్టని చోట.

వైర్‌మ్యాన్: రూమ్ హీటర్లు ఇస్తున్నారా? 2000 వాట్ల హీటరు దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. మామూలు ఎక్స్‌టెన్షన్ బాక్సు 6 ఆంపియర్లదే. ముందు ప్లగ్గు గోధుమరంగుకి తిరుగుతుంది, తర్వాత ప్లాస్టిక్ కాలిన వాసన. గోడకి 16 ఆంపియర్ల సాకెట్ పెట్టించండి.

కొండగాలి: హీటర్లు లేవండీ, కరెంటు నిలకడగా ఉండదు. చలి ఎక్కువైతే కుంపటి ఇస్తాం. పొగ పోయాక బొగ్గులు మాత్రమే.

జయపురం అక్క: తమ్ముడూ, అది ఈరోజే మానెయ్. పొగ లేదంటే విషం లేదని కాదు. బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు. తలుపులు బిగించుకుని పడుకున్నవాడికి తలనొప్పి వచ్చిందని కూడా తెలియదు, నిద్రలోనే పోతాడు. కావాలంటే ఇంకో రగ్గు ఇయ్యి.

బోర్డు మీద ఇలా రాయి: "మంట మేమే వేస్తాం, మేమే ఆర్పుతాం. రాత్రి 10 తర్వాత కట్టె వేయం. గాలి ఎక్కువుంటే ఆ రోజు మంట లేదు, డబ్బు వాపసు. పెట్రోల్, కిరసనాయిలు, శానిటైజర్ మంట దగ్గరకు తేవద్దు. గదిలో సిగరెట్, కొవ్వొత్తి, మస్కిటో కాయిల్, కుంపటి వద్దు. నిప్పంటుకుంటే సామాను వదిలి గేటు దగ్గరకు రండి. ఫోన్ 101 లేదా 112." తెలుగు, ఒడియా, హిందీ మూడింట్లోనూ ఉండాలి. బుకింగ్ అప్పుడే వాట్సాప్‌లో పంపితే వచ్చాక వాదన ఉండదు.

తిన్నగా: వాచ్‌మన్ పడుకునే ముందు నీళ్లు పోసి, కర్రతో కలిపి, మళ్లీ పోయాలి. బూడిద మీద చెయ్యి వెనకవైపు ఆనిస్తే వేడి తగలకూడదు. పైన బూడిద, లోపల నిప్పు ఉంటుంది.

కొండగాలి: ఫైర్ సిలిండర్ ఒకటి ఉంది.

వైర్‌మ్యాన్: పౌడర్‌దా? మంటని కొడుతుంది గానీ గడ్డి లోపలి నిప్పుని చల్లార్చదు, మళ్లీ రాజుకుంటుంది. కప్పు దాకా అందే నీళ్ల పైపు ఉండాలి. సిలిండర్ మీటర్ ముల్లు పచ్చరంగులో ఉందా?

కొండగాలి: చూడాలి. మేటర్ పంపేశా అక్కా, థాంక్స్. గుంత జరిపితే ఫొటోలో కొండ రాదంటోంది మా ఆవిడ. చూద్దాం.

విజయనగరం కుర్రాడు: బ్రో, సంక్రాంతికి గది ఖాళీ ఉందా? రేటెంత?