అప్‌డేట్: 'వి విల్ రాక్ యూ' తొక్కుడు, చప్పట్ల శబ్దం కుదిరింది

బ్రిటిష్ రాక్ బ్యాండ్ క్వీన్ 1977లో తెచ్చిన ఈ పాటలో వేలమంది నేలను తొక్కుతూ చప్పట్లు కొట్టినట్టుండే శబ్దం నలుగురితో ఎలా రప్పించాలని ఇక్కడ అడిగాను. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్. రివర్బ్ (గది ప్రతిధ్వనిలాంటి ఎఫెక్ట్) పూర్తిగా తీసేసి, ప్రధాన సంఖ్యల్లో (1తో, తనతో తప్ప దేనితోనూ భాగం పోనివి) డిలేలు, అంటే అదే శబ్దం కాస్త ఆలస్యంగా మళ్లీ వినిపించే రిపీట్‌లు, పెట్టమన్న సలహా పనిచేసింది.

క్వీన్ గిటారిస్ట్ బ్రయాన్ మే చేసిందీ అదే. లండన్‌లో ఒకప్పుడు చర్చిగా ఉన్న వెసెక్స్ స్టూడియోలో పాత చెక్కపలకలు పేర్చి వాటి మీద తొక్కారు. ఆయన ఫిజిక్స్ చదివిన మనిషి. గుంపులో ఒక్కొక్కరి శబ్దం ఒక్కో దూరం నుంచి కాస్త ఆలస్యంగా చేరుతుంది కదా, అందుకే వేర్వేరు వ్యవధుల్లో ఒక్కోసారే వినిపించే రిపీట్‌లు జోడించారు. ఎంత అందమైన ఆలోచనో!

నా సెట్టింగ్: కొన్ని టేకులు (విడివిడిగా చేసిన రికార్డింగ్‌లు) కలిపిన ట్రాక్‌కు 11, 17, 29, 43, 61 మిల్లీసెకన్ల డిలేలు, ఫీడ్‌బ్యాక్ 0 (ప్రతి రిపీట్ ఒక్కసారే వినిపించేలా), కుడి ఎడమ స్పీకర్లకు మార్చి మార్చి పాన్. 29 మిల్లీసెకన్లంటే గాలిలో దాదాపు 10 మీటర్ల దూరం. పొడవైన డిలేలకు హై ఫ్రీక్వెన్సీలు కొంచెం తగ్గించాలి. 10, 20, 40 లాంటి గుణిజాలు పెడితే అవే ఫ్రీక్వెన్సీలు పదేపదే పెరిగి రేకుడబ్బా మోత వస్తుంది.

సిమెంటు నేల మీద తొక్కితే టకటకే తప్ప బరువు రాదు. పలకల కింద ఖాళీ ఉండాలి.

మైక్ మార్చాల్సిన పని పడలేదు. కిక్ శాంపిల్ (ముందే రికార్డ్ చేసిన పెద్ద డ్రమ్ దెబ్బ) కూడా అనవసరం, అసలు పాటలోనే డ్రమ్స్ లేవు. టేకులను గ్రిడ్‌కు (సాఫ్ట్‌వేర్‌లోని కచ్చితమైన తాళం గీతలకు) సరిచేయకండి. ఆ చిన్న తేడాలు పోతే మళ్లీ నలుగురే వినిపిస్తారు.