పదో తరగతి రాసిన మిడ్‌ఫీల్డర్‌ని చెన్నై అకాడమీకి పంపాలా, ఇంటర్‌లో చేర్చాలా?

తిరుచానూరు మేనమామ:
అందరికీ నమస్కారం. మా అక్క కొడుకు ఈసారి పదో తరగతి పరీక్షలు రాసినాడు. వాడికి ఫుట్‌బాల్ తప్ప వేరే ధ్యాస లేదు. సాయంత్రం యూనివర్సిటీ గ్రౌండులో పెద్దవాళ్లతో కలిసి ఆడతాడు, మిడ్‌ఫీల్డ్‌లో. బంతి తన దగ్గరికి వచ్చేలోపే ఒకసారి భుజం మీదుగా వెనక్కి, ఒకసారి పక్కకి చూసుకుంటాడు. బంతి కాలికి తగలగానే ఇంకొకరికి వెళ్లిపోయి ఉంటుంది. మనిషి పొట్టి, బాగా సన్నం. ఒళ్లు లేదని జిల్లా సెలెక్షన్లలో పక్కన పెట్టినారు. ఇప్పుడు చెన్నైలో ఒక అకాడమీ వాళ్లు హాస్టల్‌తో సహా తీసుకుంటామంటున్నారు. ఏడాదికి రెండున్నర లక్షలు కట్టాలి. బావ కొండ మీదికి ట్యాక్సీ తోలుతాడు, అక్క ఇంట్లో బట్టలు కుడుతుంది. ఇంట్లో ఉన్న బంగారం బ్యాంకులో పెట్టి కడదామని చూస్తున్నారు. పంపమంటారా, ఎంపీసీలో చేర్చమంటారా? తెలిసినవాళ్లు చెప్పండి.

పదో నంబరు:
కళ్లు మూసుకుని పంపండి అన్నా. ఒళ్లు లేదని పక్కన పెట్టినారు అన్నారు కదా, క్రొయేషియా మిడ్‌ఫీల్డర్ లూకా మోడ్రిచ్‌కీ అదే జరిగింది. చిన్నప్పుడు యుద్ధం వచ్చి, ఇల్లు వదిలి జాదర్‌లో హోటల్లో తలదాచుకున్న కుటుంబం. ఆ హోటల్ పార్కింగ్ స్థలంలో ఆట నేర్చుకున్నాడు. హైడుక్ స్ప్లిట్ అనే అక్కడి క్లబ్బు వాళ్లు సన్నగా, బలహీనంగా ఉన్నాడని వద్దన్నారు. అదే మనిషి 2018లో ప్రపంచంలో ఉత్తమ ఆటగాడికిచ్చే బాలన్ డోర్ గెలిచినాడు. ఆ రోజు స్ప్లిట్‌లో వద్దన్నారని ఇంట్లో కూర్చోబెట్టి ఉంటే ఏమయ్యేది?

మెసానికల్ పాతకాపు:
మోడ్రిచ్ పేరు చెప్పి పిల్లల్ని హాస్టళ్లకు పంపించే వాళ్లని చూసీ చూసీ విసుగొచ్చింది. చిత్తూరు మెసానికల్ గ్రౌండులో ఆడి పెరిగినవాణ్ని, నేనూ మిడ్‌ఫీల్డరే. సెలెక్షన్లు ఎట్లా జరుగుతాయో చెప్తా వినండి. ఒకరికొకరు ముక్కూ మొహం తెలియని ఇరవై రెండు మందిని కలిపి అరగంట ఆడిస్తారు. ప్రతివాడికీ తనే గోల్ కొట్టి కనబడాలని ఉంటుంది. మధ్యలో ఉన్నవాడికి బంతి ఎవడిస్తాడు? గోల్ కొట్టినవాడూ, ఎత్తుగా ఉన్నవాడూ సెలెక్ట్ అవుతారు. అంతవరకు మీ మేనల్లుడికి అన్యాయమే జరిగి ఉంటుంది, ఒప్పుకుంటా. కానీ ఆ అన్యాయానికి మందు రెండున్నర లక్షల ఫీజు కాదు.

రేణిగుంట జంక్షన్:
అబ్బాయికి పదిహేనేళ్లే కదా, ఇంకా పెరుగుతాడు. ఎత్తు గురించి అప్పుడే దిగులెందుకు?

పదో నంబరు:
ఎత్తు పెరగకపోయినా ఏం కాదనే నేను చెప్పేది. మోడ్రిచ్ 172 సెంటీమీటర్లు.

మెసానికల్ పాతకాపు:
172 పొట్టి అని ఎవరన్నారు? మన సెలెక్టర్ల ముందు నిలబెడితే ఆ ఎత్తు చాలు. హైడుక్ వద్దన్నది కండ లేదని.

పదో నంబరు:
అదే కదా నేను రాసింది, సన్నగా బలహీనంగా ఉన్నాడని. పైన చదువుకోండి.

శ్రీకాళహస్తి:
ఇద్దరూ ఒకటే మాట అంటూ కొట్లాడుకుంటున్నారు. ఆయన అడిగినదానికి జవాబు చెప్పండి సామీ.

పదో నంబరు:
చెప్తా. పద్దెనిమిదేళ్లకి మోడ్రిచ్‌ని వాడి క్లబ్బు డైనమో జాగ్రెబ్ వాళ్లు బోస్నియాలో జ్రిన్‌స్కి మోస్టార్ అనే క్లబ్బుకి పంపినారు, 2003లో. మోటు ఆట, కాళ్ల మీదికి వచ్చే డిఫెండర్లు. ఆ సీజన్‌కి ఆ లీగ్‌లోనే ఉత్తమ ఆటగాడయ్యాడు. తర్వాత ఇంటర్ జాప్రెషిచ్‌లో కొన్నాళ్లు ఆడి తిరిగి డైనమోకి వచ్చినాడు, 2008లో ఇంగ్లాండ్ క్లబ్బు టాటెన్‌హామ్‌కి వెళ్లినాడు. ఇల్లు వదిలి కష్టమైన చోటికి పోతేనే మిడ్‌ఫీల్డర్ రాటుదేలుతాడు. తిరుచానూరులో కూర్చుంటే రాటుదేలడు.

మెసానికల్ పాతకాపు:
నీ ఉదాహరణే నీకు ఎదురు తిరుగుతోంది తమ్ముడూ. మోడ్రిచ్‌ని బోస్నియాకి పంపింది ఎవరు? క్లబ్బు. అప్పటికే డైనమో ఆటగాడు, అరువు మీద పోయినాడు. వాళ్ల నాన్న ఫీజు కట్టి చేర్చలేదు. యూరప్ క్లబ్బు పిల్లవాడి మీద ఖర్చు పెడుతుంది, ఎందుకంటే రేపు అమ్ముకుంటుంది. ప్రపంచ ఫుట్‌బాల్ సంఘం ఫిఫా రూలు ఉంది, కాంట్రాక్టు మధ్యలో ఆటగాడు వేరే క్లబ్బుకి మారితే ఆ డబ్బులో 5 శాతం వాడికి 12 నుంచి 23 ఏళ్ల మధ్య శిక్షణ ఇచ్చిన క్లబ్బులన్నింటికీ పంచాలి. అక్కడ పిల్లవాడు పెట్టుబడి. ఇక్కడి ఫీజు అకాడమీకి పిల్లవాడు గిరాకీ. వాడు ఆటగాడైనా కాకపోయినా వాళ్ల డబ్బు వాళ్లకి ముందే వచ్చేసింది.

నేనూ ఇంటర్ మధ్యలో వదిలేసి పక్క రాష్ట్రంలో ఒక అకాడమీలో చేరినా. డబ్బు నాన్న కట్టినాడు. మోకాలి లిగమెంట్ తెగితే ఇంటికి పోయి చూపించుకో అన్నారు. ఆపరేషన్ ఖర్చు మాదే. ఆ తర్వాత ఒక ఫోన్ కూడా రాలేదు. స్పోర్ట్స్ కోటా ఉద్యోగానికి కావాల్సిన సర్టిఫికెట్ కూడా లేదు నా దగ్గర, ఎందుకంటే జిల్లాకి ఆడే వయసులో నేను అక్కడ ఉన్నా.

పదో నంబరు:
మీకు జరిగింది బాధాకరమే, కానీ మీ మోకాలు చూపించి ఇంకొక పిల్లవాడి కాళ్లు కట్టేయడం న్యాయం కాదు. మన దేశంలోనే చూడండి. జీక్సన్ సింగ్, మణిపూర్ కుర్రవాడు, మిడ్‌ఫీల్డరే. నాన్నకి పక్షవాతం వస్తే అమ్మ కూరగాయలు అమ్మి ఇల్లు నడిపింది. 2017 అక్టోబరులో ఢిల్లీలో, అండర్-17 ప్రపంచకప్‌లో కొలంబియా మీద కార్నర్ నుంచి వచ్చిన బంతిని తలతో గోల్ చేసినాడు. ఏ వయసు ఫిఫా ప్రపంచకప్పులోనైనా భారత్‌కి అదే మొదటి గోల్. ఆ మ్యాచ్ ఓడిపోయినా ఆ గోల్ చూసి నాకు కన్నీళ్లు ఆగలేదు.

మెసానికల్ పాతకాపు:
జీక్సన్ పెరిగింది చండీగఢ్ ప్రభుత్వం నడిపే అకాడమీలో. మళ్లీ అదే, ఫీజు అకాడమీ కాదు. మనకి దగ్గరి ఉదాహరణ కావాలంటే అనంతపురం ఉంది, అక్కడ ఆర్డీటీ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్లు పల్లె పిల్లలకి ఫుట్‌బాల్ నేర్పిస్తున్నారు. అట్లాంటి చోటు వెతకమని చెప్పు. పై మెట్టు సంగతి కూడా చెప్పు. 2022లో దేశంలో పెద్ద లీగైన ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) కప్పు గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ జీతాల గొడవల్లో పడి, 2025లో ఢిల్లీకి వెళ్లిపోయింది. అదే ఏడాది జులైలో కొత్త సీజన్‌నే ఆపి పెట్టినామని నిర్వాహకులు ప్రకటించినారు. ఆటగాళ్లు ఎంత టెన్షన్ పడి ఉంటారు?

చంద్రగిరి కోట:
ఇంతసేపూ చదువుతూ ఉన్నాను. ఫ్రాన్స్ మిడ్‌ఫీల్డర్ కాంటే గురించి ఎవరూ చెప్పలేదు. పంతొమ్మిదేళ్ల దాకా పారిస్ శివార్లలో సురేన్ అనే చిన్న క్లబ్బులో ఆడినాడు. పొట్టివాడని పెద్ద క్లబ్బులు తీసుకోలేదు. బులోన్ క్లబ్బులో ఆడుతూ అకౌంటింగ్ చదువుకున్నాడు. మూడో డివిజన్, తర్వాత కాన్ క్లబ్బు, 2015లో ఇంగ్లాండ్‌లో లెస్టర్, మరుసటి ఏడాదే ఇంగ్లాండ్ ఛాంపియన్, 2018లో ప్రపంచకప్. చదువు, ఆట రెండూ నడిచినాయి.

మేనమామ గారూ, మిమ్మల్ని ఒకటి అడుగుతాను. బ్యాంకులో పెట్టేది ఎవరి బంగారం?

తిరుచానూరు మేనమామ:
మా అక్కదే అండీ. పాపకని చేయించిన హారం, రెండు గాజులు. వాడికి అక్క ఉంది, ఇంటర్ రెండో ఏడు బైపీసీ.

చంద్రగిరి కోట:
అనుకున్నాను. ఆ పాప తర్వాత ఏం చదవాలనుకుంటోంది?

పదో నంబరు:
దానికీ దీనికీ ఏం సంబంధం మేడం? మనం మాట్లాడుతున్నది అబ్బాయి ఆట గురించి.

చంద్రగిరి కోట:
సంబంధం ఎందుకు లేదు? మా ఇంట్లో తమ్ముడు క్రికెట్‌కి పోయినాడు. వాడికి కిట్లు, కోచింగ్, రైలు ఖర్చులు. నాకు నర్సింగ్ సీటు వచ్చింది, ఫీజు కట్టే వేళకి ఇంట్లో డబ్బు లేదు. వచ్చే ఏడు చూద్దాం అన్నారు. వచ్చే ఏడు పెళ్లి చేసినారు. తమ్ముడు మంచివాడే, వాడి మీద కోపం లేదు. కానీ వాడి ప్రయత్నానికి డబ్బు కట్టింది నాన్న కాదు, నేను. ఎవరూ నన్ను అడగలేదు. ఇక్కడ హైడుక్, బోస్నియా, 172 సెంటీమీటర్లు అన్నీ వచ్చినాయి. ఆ ఇంట్లో పదిహేడేళ్ల పిల్ల ఒకతె ఉందని మీ ఇద్దరికీ తట్టలేదు.

పదో నంబరు:
అందరి ఇళ్లూ మీ ఇల్లు లాగే ఉండవు. ఆయన పరువుగా సలహా అడిగితే ఆడపిల్లకి ద్రోహం చేస్తున్నట్టు మాట్లాడతారేం?

మెసానికల్ పాతకాపు:
నువ్వు ఊరుకో. మా నాన్న నాకు కట్టిన డబ్బు ఎక్కడి నుంచి తెచ్చినాడని నేను ఇంతవరకు అడగలేదు. మా చెల్లెలు డిగ్రీ మొదటి ఏడాదిలోనే ఆపేసింది.

కాణిపాకం:
అందరూ కాస్త నెమ్మది.

తిరుచానూరు మేనమామ:
ఎవరి మాటకీ నేను బాధపడలేదు. పాప బీఎస్సీ నర్సింగ్ అంటోంది. ఈ మధ్య ఫుట్‌బాల్ మాట వస్తే లేచి లోపలికి పోతోంది. పరీక్షల అలసట అనుకున్నాం. రాత్రి అక్కతో మాట్లాడినా. బంగారం బ్యాంకుకి పోదు. ఆదివారం అకాడమీ వాళ్లు ఫోన్ చేస్తే ఈ మూడూ అడుగుతా. ఫీజు లేకుండా తీసుకుంటారా? ఫుట్‌బాల్ ఫెడరేషన్ రిజిస్ట్రేషన్‌లో వాడి పేరు ఎక్కిస్తారా? దెబ్బ తగిలితే వైద్యం ఎవరిది? లేదంటే ఇక్కడే ఎంపీసీలో చేరతాడు, సాయంత్రం గ్రౌండు ఉండనే ఉంది.

పదో నంబరు:
ఫీజు వద్దంటే వాళ్లు ఇంకొకణ్ని తీసుకుంటారు అన్నా. పదిహేనో ఏడు మళ్లీ రాదు.

చంద్రగిరి కోట:
ఆ పాపకి పదిహేడో ఏడు కూడా మళ్లీ రాదు.

మెసానికల్ పాతకాపు:
మేనమామా, దెబ్బ తగిలితే వైద్యం సంగతి నోటిమాటగా ఒప్పుకోవద్దు. కాగితం మీద రాయించుకో, సంతకంతో.