అప్‌డేట్: పిల్లల ఫస్ట్ ఎయిడ్ ట్రైనింగ్‌కి వెళ్లొచ్చాను

మొన్న అడిగాను కదా, ఆమదాలవలస దగ్గర మా ఊళ్లో గుంటలకి కబడ్డీ నేర్పిస్తాను, ఒకడికి వేరుశెనగ గింజ గొంతులో అడ్డుపడితే అందరం బిత్తరపోయి నీళ్లు పట్టించాం, ఇలాటివి ఎక్కడ నేర్పుతారు అని. శ్రీకాకుళంలో ఒక్కరోజు క్లాసు దొరికింది.

మొదటిది, నీళ్లు పట్టడమే తప్పంట. గట్టిగా దగ్గుతుంటే దగ్గనివ్వాలి, దగ్గూ మాటా రాకపోతేనే ముందుకి వంచి భుజాల ఎముకల మధ్య 5 సార్లు గట్టిగా చరచాలి, అప్పటికీ రాకపోతే వెనకనుంచి పట్టుకుని బొడ్డు పైన లోపలికీ పైకీ 5 సార్లు లాగాలి, ఏడాది లోపు పసిపిల్లలకి మాత్రం పొట్ట ముట్టుకోకూడదు, ఛాతీ మీదే నొక్కాలి. గింజ కనపడకుండా నోట్లో వేలు పెట్టి కెలకొద్దన్నారు (మా అమ్మ చేసేది అదే).

సీపీఆర్ (గుండె, ఊపిరి ఆగిపోతే ఛాతీ నొక్కి, నోటితో ఊపిరి ఊదడం) బొమ్మ మీద చేయించారు. చేసేవాళ్లు ఒక్కరే ఉంటే 30 నొక్కులకి 2 ఊపిర్లు, నిమిషానికి 100 నుంచి 120 స్పీడు, ఛాతీ మందంలో మూడో వంతు లోతు. రెండు నిమిషాలకే నా చేతులు పడిపోయాయి, కబడ్డీ ఆడినోణ్ణే ఇలాగైతే ఇంకేటి చెప్పాలి.

ముక్కులోంచి రక్తం వస్తే తల వెనక్కి కాదు, ముందుకి వంచి మెత్తటి భాగం 10 నిమిషాలు వదలకుండా నొక్కాలి. ఇన్నాళ్లూ వెనక్కే వాల్చాను.

ఆ గుంటడు బానే ఉన్నాడు, నిన్న కూడా జేబులో వేరుశెనగలే.