మా చెల్లికి బీడీడీ అన్నారు, మొహాన్ని తను నిజంగానే వేరేలా చూస్తోందా?

ప్రశ్న:
మా చెల్లికి బీడీడీ, అంటే బాడీ డిస్‌మార్ఫిక్ డిజార్డర్ (ఇతరులకి కనబడని, లేదా చాలా చిన్న లోపమే తనకి పెద్దగా అనిపించి వేధించే మానసిక సమస్య) ఉందని సైకియాట్రిస్ట్ చెప్పారు. ముక్కు వంకరగా ఉందంటుంది, మాకెవరికీ ఆ వంకర కనబడదు, బానే ఉందే అంటే నన్ను ఓదార్చడానికి అంటున్నారని ఏడుస్తుంది. ఎవర్ని చూసినా ముందు వాళ్ల ముక్కే చూస్తుంది. నా డౌట్ ఏంటంటే తేడా చూపులో ఉందా, ఆలోచనలో ఉందా?

జవాబు 1:
రెండిట్లోనూ ఉంటుందండీ. మామూలుగా మనం మొహాన్ని ఒక్క చూపులో మొత్తంగా పట్టేస్తాం, బీడీడీ ఉన్నవాళ్లలో చిన్న చిన్న వివరాల మీదే దృష్టి ఎక్కువ పడుతుంది. 2007లో అమెరికాలోని యూసీఎల్‌ఏ యూనివర్సిటీలో ఫ్యూస్నర్ అనే పరిశోధకుడి టీమ్, బీడీడీ ఉన్నవాళ్లకి వేరేవాళ్ల మొహాల ఫొటోలు చూపిస్తూ ఎఫ్‌ఎంఆర్‌ఐ (మెదడులో ఏ భాగం పనిచేస్తోందో చూపే స్కాన్) తీసింది. వివరాలన్నీ చెరిపేసి మసగ్గా చేసిన ఫొటో చూసినా వాళ్ల మెదడులో ఎడమవైపు భాగాలు ఎక్కువ పనిచేశాయి, మిగతావాళ్లలో అలా పనిచేసింది వివరాలు స్పష్టంగా ఉన్న ఫొటోలకే. అంటే వాళ్ల మెదడే మొహాన్ని వేరేలా చూస్తోంది, తనది నాటకమో మొండితనమో కాదు, ఇది ఇంట్లో అందరికీ చెప్పండి ప్లీజ్. తలకిందులు మొహాల టెస్ట్ కూడా ఉంది, మొహం తిప్పేస్తే మనం గుర్తుపట్టడానికి బాగా స్లో అయిపోతాం, ఫొటోని కాసేపు చూడనిచ్చినప్పుడు వాళ్లు అంతగా స్లో అవ్వలేదు, ఎందుకంటే వాళ్లు ముక్కలుగా చూస్తున్నారు కదా. కాకపోతే ఇవన్నీ కొద్దిమందితో చేసిన స్టడీలు, ఇలా చూడ్డం వల్ల జబ్బు వచ్చిందా జబ్బు వల్ల ఇలా చూస్తున్నారా అన్నది ఇంకా తేలలేదు.

జవాబు 2:
అక్కా, నాకూ ఇదే ఉండేది, ముక్కు కాదు చర్మం. ఎదుటివాళ్ల మొహంలో కూడా అదే చోటుకి చూపు పోవడం ఐ ట్రాకింగ్ (చూపు ఎక్కడ పడుతోందో కొలిచే) స్టడీల్లోనూ కనబడింది, కాబట్టి మీ చెల్లి ఒక్కతే కాదు. అద్దానికి మరీ దగ్గరగా వెళ్లి ఆ ఒక్క చోటే చూస్తుంటే అది ఇంకా పెద్దగా కనబడుతుంది, థెరపీలో నాకు నేర్పింది దీనికి రివర్స్. అద్దానికి కొంచెం దూరంగా నిలబడి తల నుంచి కాళ్ల దాకా మొత్తం చూస్తూ బాగుంది బాలేదు అనకుండా ఉన్నది ఉన్నట్టు చెప్పుకోవాలి, మొదట్లో నరకంలా ఉంటుంది కానీ చూపు నిజంగానే మారుతుంది. సీబీటీ (ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చే టాక్ థెరపీ), ఎస్‌ఎస్‌ఆర్‌ఐ అనే డిప్రెషన్‌కి కూడా వాడే మందులు రెండూ పనిచేస్తాయి. ముక్కు ఆపరేషన్ అడిగితే మాత్రం తొందరపడొద్దు, చాలామందికి దాంతో బాధ తగ్గదు, ఇంకో చోటుకి మారుతుంది అంతే. చచ్చిపోవాలనిపిస్తోంది లాంటి మాట వస్తే అస్సలు తేలిగ్గా తీసుకోవద్దు, బీడీడీలో ఆ రిస్క్ ఎక్కువ, వెంటనే డాక్టర్‌కి చెప్పండి.

ప్రశ్న అడిగినవారు:
థాంక్స్ అండీ ఇద్దరికీ. మరి ముక్కు ఎలా ఉందని అడిగితే ఏమనాలి?

జవాబు 2:
ముక్కు గురించి వాదన పెట్టుకోవద్దక్కా, బానే ఉందన్నా కాసేపే, మళ్లీ అడుగుతుంది. నీకు చాలా కష్టంగా ఉందని తెలుస్తోందిరా అనండి, పక్కన కూర్చోండి.